పోలీసు వేషం వద్దన్న హీరో

మన సినిమాల్లో హీరో ఖాకీ చొక్కా వేసుకుంటే నిర్మాతకి సగం టెన్షన్ తగ్గుతుంది. ఎంట్రీ సీన్ ఎలా ఉండాలో తెలుసు, ఇంటర్వెల్ ఎక్కడ పడాలో తెలుసు, చివర్లో బేడీలు ఎవరి చేతికి పడతాయో కూడా తెలుసు. అలాంటి పోలీసు వేషం తన కోసమే రాసిపెట్టి ఉంటే, హీరో వచ్చి అది నాకొద్దు, పెళ్లాం తరఫు వాళ్లని ఒక్కొక్కరినే చంపించే మొగుడి వేషం ఇవ్వండి అన్నాడనుకోండి. ఆ పూట ఆ ఆఫీసులో తెప్పించిన టీ చల్లారిపోతుంది.

'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్' విషయంలో జరిగింది దాదాపు ఇదే. 2023లో వచ్చిన ఈ సినిమాకి మార్టిన్ స్కోర్సేసీ దర్శకుడు, లియొనార్డో డికాప్రియో హీరో. నూరేళ్ల కిందట అమెరికాలోని ఓక్లహోమాలో ఓసేజ్ అనే ఆదివాసీ తెగ వాళ్లని వరసగా చంపుకుంటూ పోయిన నిజమైన కేసు ఇది. డికాప్రియో మొదట వేయాల్సింది ఆ హత్యల గుట్టు విప్పిన అధికారి టామ్ వైట్ పాత్ర. చివరికి వేసింది నేరస్థుల్లో ఒకడైన ఎర్నెస్ట్ బర్క్‌హార్ట్ పాత్ర. హీరో మనసు మార్చుకున్నాడట అని ఈ సంగతి సినిమా కబుర్లలో ఒక్క ముక్కగా తిరుగుతుంటుంది. కానీ ఆ ఒక్క మార్పుకి స్క్రిప్టు మొత్తం తిరగరాయాల్సి వచ్చింది, డబ్బు పెట్టేవాళ్లు మారారు, హీరోయిన్ పాత్ర బరువు మారింది, అసలు ఇది ఏ తరహా సినిమా అన్నదే మారిపోయింది. ఎందుకలా అయిందో తెలియాలంటే కాసేపు సినిమాని పక్కనబెట్టి ఒక ఆస్తి హక్కు సంగతి చూడాలి.

ఓసేజ్‌లని కాన్సాస్‌లో ఉండనివ్వకపోతే, 1870లలో వాళ్లు ఇప్పటి ఓక్లహోమాకి వచ్చి రాళ్లూ గుట్టలూ ఉన్న నేలని సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నారు. సేద్యానికి పనికిరాని నేల కదా, తెల్లవాళ్ల కన్ను పడదులే అనుకున్నారు. ఆ నేల కింద చమురు పడింది. 1906లో అమెరికా ప్రభుత్వం తెగ ఉమ్మడి భూమిని మనిషికింత అని పంచినప్పుడు ఓసేజ్ నాయకులు పట్టుబట్టి ఒక షరతు రాయించుకున్నారు. పైన నేల ఎవరిది వాళ్లదే, కింద ఖనిజం మాత్రం తెగ మొత్తానిది. దాని మీద వచ్చే ఆదాయంలో జాబితాకెక్కిన 2,229 మందికి తలా ఒక వాటా. దాన్ని హెడ్‌రైట్ అంటారు. మనం తలవాటా అనుకుందాం.

ఈ తలవాటాని అమ్ముకునే వీల్లేదు. వారసత్వంగా మాత్రమే చేతులు మారుతుంది. 1923లో ఒక్క ఏడాదే తెగకి వచ్చిన ఆదాయం 3 కోట్ల డాలర్లు దాటింది. తలసరి లెక్కన ప్రపంచంలోకెల్లా ధనవంతులు వీళ్లేనన్నారు. కార్లకి డ్రైవర్లు, ఇళ్లలో తెల్ల పనివాళ్లు. అయితే డబ్బు వాళ్లదే గానీ దాని మీద పెత్తనం వాళ్లది కాదు. పూర్తి ఓసేజ్ రక్తం ఉన్నవాళ్లకి లెక్కలు చూసుకునే తెలివి లేదని ప్రభుత్వమే తేల్చేసి, ఒక్కొక్కరి మీద ఒక తెల్ల గార్డియన్‌ని కూర్చోబెట్టింది. టూత్‌పేస్టు కొన్న ఖర్చు కూడా ఆయన చూడాల్సిందే. సినిమాలో మాలీ కైల్ అనే ఓసేజ్ యువతి గార్డియన్ ముందు కూర్చుని, తన పేరు చెప్పి, పక్కనే 'అసమర్థురాలు' అని కూడా తానే చెప్పుకునే సీన్ ఒకటుంది. ఖరీదైన దుప్పటి కప్పుకున్న మనిషి, బడిలో హాజరు పలికినట్టు పలుకుతుంది. ఈ సినిమాలో తుపాకీ పేలిన ఏ సీన్ కన్నా నాకు అదే ఎక్కువ గుర్తుండిపోయింది.

సరే, అమ్మడానికి కుదరని ఆస్తి బయటివాడి చేతికి ఎలా రావాలి? ముందు పెళ్లి, తర్వాత చావు. అదొక్కటే దారి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి బయటివాళ్లు కొనకూడదనే 1/70 చట్టం వచ్చాక గిరిజన స్త్రీ పేరు మీద భూమి పెట్టుకోవడానికే పెళ్లి చేసుకున్న మైదాన ప్రాంతం వాళ్ల కథలు విన్నవాళ్లకి ఇందులో మొదటి సగం చెప్పక్కర్లేదు. ఓక్లహోమాలో రెండో సగం కూడా జరిగింది.

అందులోనూ ఎవరు ముందు పోవాలి, ఎవరు తర్వాత పోవాలి అన్నది ముఖ్యం. మాలీ చెల్లెలు మిన్నీ 1918లో అంతుపట్టని జబ్బుతో చిక్కి చనిపోయింది. 1921 మే నెలలో అక్క ఆనా శవం తలలో తూటాతో ఒక వాగు పక్కన దొరికింది. రెండు నెలలకి తల్లి లిజీ పోయింది. 1923 మార్చిలో మరో చెల్లెలు రీటా ఇంటిని పేల్చేశారు. రీటా, ఇంట్లో పనమ్మాయి చనిపోయారు, రీటా భర్త బిల్ స్మిత్ కొన్ని రోజులు ఆసుపత్రిలో కొట్టుకుని పోయాడు. ప్రతి చావుతోనూ పోయినవాళ్ల వాటా మిగిలినవాళ్ల వైపు జరిగి, చివరికి మాలీ దగ్గర పోగుపడుతుంది. ఆ తర్వాత మాలీ పోతే అదంతా ఆమె మొగుడికి. ఆమె ముందే పోతే లెక్క చెడిపోతుంది. అంటే ఆమెని చివరిదాకా బతికించుకోవాలి కూడా.

ఆ మొగుడే ఎర్నెస్ట్. ఈ లెక్కంతా వేసినవాడు అతని మేనమామ విలియం హేల్. పశువుల వ్యాపారి, ఓసేజ్ గుట్టలకి రాజు అని పిలిపించుకున్నవాడు, ఓసేజ్ భాష వచ్చినవాడు, ఎవరింట్లో చావైనా ముందుండి నిలబడేవాడు. మేనమామ సంబంధం కుదర్చడం మనకి కొత్త కాదు గానీ, ఇలాంటి సంబంధం ఎవరికీ వద్దు.

ఇప్పుడు పోలీసు సంగతి. టెక్సస్ రేంజర్‌గా పనిచేసిన టామ్ వైట్‌ని అమెరికా దర్యాప్తు సంస్థ (ఇప్పటి ఎఫ్‌బీఐ) అధిపతి ఎడ్గర్ హూవర్ ఈ కేసు మీదకి పంపింది 1925లో. అప్పటికి మాలీ పుట్టింట్లో ఆమె తప్ప పెద్దవాళ్లెవరూ మిగల్లేదు. అంటే పోలీసుని హీరోగా పెట్టుకుంటే, అన్నీ అయిపోయాక ఊళ్లోకి దిగేవాడి కళ్లతో కథ చెప్పాలి. చనిపోయినవాళ్లు ఫైల్లో ఫోటోలుగా మిగులుతారు.

పుస్తకంలో ఇది ఇబ్బంది కాలేదు. పాత్రికేయుడు డేవిడ్ గ్రాన్ 2017లో తెచ్చిన ఆ పుస్తకం మూడు భాగాలు. మొదటిది మాలీ చుట్టూ, రెండోది టామ్ వైట్ చుట్టూ, మూడోది రచయిత స్వయంగా ఓక్లహోమా వెళ్లి పాత కాగితాలు తవ్విన కథ. మొదటి భాగమంతా హంతకుడు ఎవరో చెప్పకుండా నడుస్తుంది. కాగితం మీద హేల్ పెద్దమనిషి అని రాస్తే మనం కాసేపు నమ్ముతాం. అదే హేల్‌ని తెర మీద రాబర్ట్ డి నీరో వేస్తే, కళ్లజోడు సర్దుకుని ఆప్యాయంగా నవ్విన మొదటి షాట్‌కే హాల్లో అందరికీ తెలిసిపోతుంది. దాచిపెట్టే సరుకు లేనప్పుడు దాచే కథనం దేనికి?

అయినా మొదట అలాగే మొదలుపెట్టారు. పుస్తకం అచ్చులో బయటికి రాకముందే, 2016లోనే, సినిమా హక్కులు 50 లక్షల డాలర్లకి అమ్ముడుపోయాయి. ఎరిక్ రాత్ స్క్రిప్టు రాశాడు, స్కోర్సేసీ ఆయనతో కలిసి కూర్చున్నాడు. దర్యాప్తే కథ, టామ్ వైటే హీరో. కొంతకాలానికి తాను తీస్తున్నది తెల్లవాళ్ల సినిమా అయిపోతోందని తనకే అనిపించిందని స్కోర్సేసీ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. ఈ కథకి గుండె ఎక్కడుందని డికాప్రియో అడగడం కూడా ఆ రోజుల్లోనే.

జవాబు స్క్రిప్టు రూములో దొరకలేదు. 2019లో స్కోర్సేసీ ఓసేజ్ అధినేత జెఫ్రీ స్టాండింగ్ బేర్‌ని కలిశాడు. గ్రే హార్స్ అనే ఊళ్లో ఓసేజ్ కుటుంబాలు భోజనాలు పెట్టి పిలిస్తే వెళ్లి కూర్చున్నాడు. చనిపోయినవాళ్ల మనవలూ మునిమనవలూ ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. మాలీ, ఎర్నెస్ట్‌ల మనవరాలు ఒక మాట చెప్పింది: మర్చిపోకండి, వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రేమ ఉండేది.

కథా చర్చల్లో ఎవరైనా రచయిత ఈ మాట అంటే కొట్టిపారేసేవాళ్లేమో. కన్న తాతా నాయనమ్మల గురించి మనవరాలు చెప్తుంటే కొట్టిపారేయడానికి లేదు. ప్రేమించిన మనిషి ఇంట్లోవాళ్లని చంపించడానికి ఎలా ఒప్పుకున్నాడు, ఒప్పుకుని మళ్లీ ఆ ఇంట్లోనే ఆమె పక్కన ఎలా పడుకున్నాడు? హంతకుడు ఎవరన్న ప్రశ్న కన్నా ఇది పెద్దది. దీనికి కథ ఎర్నెస్ట్ వైపు నుంచి నడవాలి. డికాప్రియో అటు జరిగాడు, స్క్రిప్టు తలకిందులైంది.

దాంతో డబ్బు పెట్టేవాళ్లకి కాళ్ల కింద నేల కదిలింది. అప్పటికి నిర్మాణం పారామౌంట్ చేతిలో ఉంది. డికాప్రియో పోలీసు, డి నీరో విలన్, స్కోర్సేసీ దర్శకుడు అంటే పోస్టర్ తనే అమ్ముడుపోతుంది. అదే డికాప్రియో బుద్ధి తక్కువ, పిరికి, మామ చెప్పిందల్లా చేసే మొగుడు అంటే? బడ్జెట్ చూస్తే 20 కోట్ల డాలర్లకి అటూ ఇటూ ఆడుతోంది. పారామౌంట్ వెనక్కి తగ్గి థియేటర్లలో విడుదల చేసే పని మాత్రం పెట్టుకుంది. 2020లో యాపిల్ వచ్చి భారం ఎత్తుకుంది. మూడున్నర గంటల సినిమాని రెండున్నరకి కోయమని అడగని నిర్మాత దొరకడం కూడా ఈ కథలో భాగమే. నిడివి 206 నిమిషాలు.

టామ్ వైట్ పాత్ర జెస్సీ ప్లెమన్స్‌కి వెళ్లింది. సినిమాలో ఆయన తలుపు తట్టేసరికి దాదాపు రెండు గంటలు గడుస్తాయి. మన థియేటర్లలో ఇంటర్వెల్‌కి జనం పాప్‌కార్న్ కోసం లేచే సమయానికి పోలీసు ఇంకా ఊళ్లో అడుగే పెట్టడన్నమాట. వచ్చాక కూడా అరవడు, వెంటపడడు. టోపీ చేత్తో పట్టుకుని మర్యాదగా అడుగుతాడు.

ఇక వయసుల సంగతి. దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ నాకైతే ఇదే అన్నిటికన్నా విచిత్రం. 1921లో నిజమైన ఎర్నెస్ట్‌కి 28 ఏళ్లు, హేల్‌కి 46. షూటింగ్ మొదలైన 2021 ఏప్రిల్ నాటికి డికాప్రియోకి 46, డి నీరోకి 77. అంటే మేనల్లుడి వేషం వేసినవాడు నిజమైన మామ వయసులో ఉన్నాడు! 28 ఏళ్ల కుర్రాడు మామ మాట విని పాడైపోయాడంటే కుర్రతనం అనుకుంటాం. నడివయసు మనిషి దవడ ముందుకి పెట్టి, గారపట్టిన పళ్లతో, తల ఊపుతూ వింటుంటే అది మరో రకంగా కనిపిస్తుంది. చరిత్రకి ఇది తప్పే. పాత్రకి కొంత మేలూ చేసింది, తెలియక చేశాడన్న సాకు అతనికి మిగల్లేదు. తేదీలూ కాస్త జరిపారు. సినిమాలో ఎర్నెస్ట్ మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఊళ్లోకి దిగి మాలీని కలుస్తాడు. నిజంగా వాళ్ల పెళ్లి 1917లోనే అయింది.

డి నీరో, డికాప్రియోల జోడీకి వెనక ఒక పాత లెక్క కూడా ఉంది. 1993లో వచ్చిన 'దిస్ బాయ్స్ లైఫ్'లో డి నీరో కొట్టే మారుతండ్రి, డికాప్రియో దెబ్బలు తినే పిల్లాడు. ఈ కుర్రాడిని చూడమని అప్పట్లో స్కోర్సేసీకి చెప్పింది డి నీరోనే. ముప్పై ఏళ్లకి ముగ్గురూ ఒక పెద్ద సినిమాలో కలిశారు. సినిమాలో హేల్ ఒక చెక్కబల్లతో ఎర్నెస్ట్ వీపు కింద వాయించే సీన్ వచ్చినప్పుడు ఆ పాత బంధుత్వం గుర్తొస్తే నవ్వు ఆపుకోవడం కష్టం.

ఎర్నెస్ట్ హీరో అయ్యేసరికి, పోలీసు కథలో ఒక సాక్షిగా మిగిలిపోవాల్సిన మాలీ సినిమాకి రెండో స్తంభం అయింది. ఆ వేషానికి ఎవరు? క్యాస్టింగ్ డైరెక్టర్ ఎలెన్ లూయిస్ స్కోర్సేసీకి 2016 నాటి ఒక చిన్న సినిమా చూపించింది, 'సర్టెన్ ఉమెన్'. అందులో గుర్రాలని చూసుకునే ఒంటరి అమ్మాయిగా లిలీ గ్లాడ్‌స్టోన్ చేసింది. మాటలు చాలా తక్కువ, చూపులే ఎక్కువ. లిలీ మోంటానాలో బ్లాక్‌ఫీట్ తెగకి కేటాయించిన ప్రాంతం, అంటే రిజర్వేషన్‌లో పెరిగిన మనిషి. స్కోర్సేసీకి నచ్చింది. ఈలోగా కరోనా వచ్చి పడింది, కబురు ఆగిపోయింది.

పిలుపు రాకపోవడంతో లిలీ ఆ వేషం పోయిందనే అనుకుంది. నటనతో ఇల్లు గడవడం లేదు. తేనెటీగల్ని చంపే పెద్ద కందిరీగల జాడ పట్టే సీజనల్ ఉద్యోగం ఒకటి ప్రభుత్వ వ్యవసాయ శాఖలో చూసుకుంది, దానికి పనికొస్తుందని డేటా అనలిటిక్స్ కోర్సు ఒకటి. ఆ కోర్సుకి కార్డు తీసి డబ్బు కట్టబోతుండగా, మార్టిన్ స్కోర్సేసీతో జూమ్ మీటింగ్ అని ఈమెయిల్ వచ్చింది. ఇది ఆమే చెప్పిన సంగతి. స్క్రిప్టు రచయిత ఎవరైనా ఇలా రాస్తే మరీ సినిమాటిక్‌గా ఉందని కొట్టేస్తారు.

ఆమె ఏం తెచ్చిందో చూపించడానికి ఒక్క సీన్ చాలు. ఎర్నెస్ట్ మొదటిసారి మాలీ ఇంటికి భోజనానికి వచ్చిన రాత్రి వాన దంచుతుంది. అతను ఏదో వాగుతూ, లేచి కిటికీ మూయబోతాడు. ఆమె ఆపుతుంది. గాలివానకి శక్తి ఉంటుంది, కాసేపు మాట్లాడకుండా కూర్చోమంటుంది. అతనికి కుదురుగా కూర్చోవడం చేతకాదు, కుర్చీలో అటూ ఇటూ కదులుతాడు. ఆమె దుప్పటి కప్పుకుని వాన వింటుంది. మొగుడు డబ్బు కోసం వచ్చాడని ఆమెకి తెలుసు, తెలిసీ నవ్వుతుంది, అక్కచెల్లెళ్లతో ఆ మాట అని నవ్విస్తుంది కూడా. డబ్బుతో పాటు తననీ ఇష్టపడ్డాడని నమ్మింది. పోలీసు హీరోగా ఉన్న స్క్రిప్టులో ఈ సీన్‌కి చోటెక్కడ?

మిగతా వేషాల్లో కూడా ముఖాలు వెతికిన తీరు గమనించదగ్గది. హేల్ కింద పనిచేసే దొంగలూ తాగుబోతులూ, ఊరి మనుషులుగా పాటగాళ్లని తెచ్చారు. జేసన్ ఇస్బెల్ బిల్ స్మిత్‌గా, స్టర్జిల్ సింప్సన్ నాటుసారా వ్యాపారిగా కనిపిస్తారు. ఎండలో తిరిగి గిటారు వాయించిన ముఖాలు, హాలీవుడ్ పళ్ల వరసలు కావు. ఓసేజ్ వేషాలకి పాహస్కా లాంటి ఊళ్లలో ఓపెన్ కాల్స్, అంటే ఎవరైనా రాగల ఆడిషన్లు, పెట్టారు. అలా తెగ వాళ్లే చాలామంది తెర మీదకి వచ్చారు. తెగ సమావేశంలో లేచి కోపంగా మాట్లాడే పెద్దమనిషి ఎవరెట్ వాలర్ నిజంగానే ఓసేజ్ నాయకుడు. ఆ ప్రసంగంలో నటన ఎంతో, సొంత మాట ఎంతో విడదీయడం నా వల్ల కాలేదు.

లొకేషన్ విషయంలో కూడా అదే పట్టుదల. పన్ను రాయితీల కోసం వేరే రాష్ట్రంలో గుట్టలు వెతుక్కునే అలవాటు హాలీవుడ్‌కి ఉంది. వీళ్లు హత్యలు జరిగిన ఓసేజ్ కౌంటీలోనే దిగారు. కథ జరిగిన ఫెయిర్‌ఫ్యాక్స్ పట్నం ఇప్పుడు శిథిలంగా ఉండటంతో, పక్కనున్న పాహస్కా వీధిని కళా దర్శకుడు జాక్ ఫిస్క్ 1920ల ఫెయిర్‌ఫ్యాక్స్‌గా మార్చాడు. తారు రోడ్డు మీద మట్టి పోయించాడు, దుకాణాలకి పాత బోర్డులు పెట్టించాడు.

దుస్తుల్లో ఒకటి చెప్పి తీరాలి. మాలీ పెళ్లి సీన్‌లోనే చూడండి, పెళ్లికూతురి వైపు ఆడవాళ్లు భుజాలకి కుచ్చులున్న మిలిటరీ కోటు వేసుకుని, ఈకలు పెట్టిన పొడుగు టోపీ పెట్టుకుంటారు. తెలియనివాళ్లకి ఇదేం వింత అనిపిస్తుంది. వాషింగ్టన్ వెళ్లిన ఓసేజ్ పెద్దలకి అమెరికా నాయకులు మిలిటరీ కోట్లు బహుమతిగా ఇచ్చారట. ఓసేజ్ మగవాళ్లు ఆజానుబాహులు, ఆ కోట్లు పట్టలేదు. ఇంటికి తెచ్చి కూతుళ్లకి ఇచ్చారు, అది పెళ్లి బట్ట అయిపోయింది. ఇలాంటివి సినిమాలో సరిగ్గా పడటానికి కారణం కాస్ట్యూమ్ డిజైనర్ జాక్వెలిన్ వెస్ట్ పక్కన ఓసేజ్ మహిళ జూలీ ఓకీఫ్ సలహాదారుగా నిలబడటం.

భాష కూడా అంతే. ఓసేజ్‌లు తమ భాష కోసం సొంత లిపి తయారు చేసుకున్నదే 2006లో. ఆ భాషని లిలీతో పాటు డికాప్రియో, డి నీరో కూడా నేర్చుకున్నారు. ఇది ముచ్చట కోసం కాదు. హేల్‌కి ఓసేజ్ వచ్చు కాబట్టే వాళ్లు అతన్ని నమ్మారు. చావు ఇంట్లో వాళ్ల భాషలోనే ఓదార్చే మనిషిని ఎవరు అనుమానిస్తారు? కొన్ని చోట్ల ఆ మాటలకి సబ్‌టైటిల్ కూడా వేయలేదు. అక్కడ బయటివాళ్లం మనమే.

ఇక సినిమా చరిత్రని దాటి ఒక అడుగు ముందుకేసిన చోటు చెప్పాలి. మాలీకి షుగర్ జబ్బు. ఇన్సులిన్ అప్పుడప్పుడే కొత్తగా వచ్చిన మందు. ఇన్సులిన్ పేరుతో ఆమెకి విషం ఎక్కిస్తున్నారన్న అనుమానం దర్యాప్తు రోజుల్లోనే ఉంది, ఆమెని ఆ ఇంటి నుంచి తప్పించాక కోలుకుంది కూడా. కానీ ఎర్నెస్ట్ తన చేత్తో ఆ విషం ఎక్కించాడని కోర్టులో తేలలేదు. సినిమా దాన్ని తేల్చేసింది. సీసాలో చుక్కలు కలపడం చూపించింది. అంతేకాదు, అంతా అయ్యాక ఒక చిన్న గదిలో మాలీ అతని ఎదురుగా కూర్చుని, నాకిచ్చిన సూదిమందులో ఏముంది అని అడుగుతుంది. హత్యల గురించి అతను అప్పటికే కోర్టులో చెప్పేశాడు. ఈ ఒక్కటి మాత్రం నోట రాదు. ఇన్సులిన్ అంటాడు. ఆమె లేచి వెళ్లిపోతుంది. మాలీ అతనికి విడాకులిచ్చిన మాట నిజం. ఆ గదిలో ఆ ప్రశ్న మాత్రం సినిమావాళ్లది.

నిజ కథలు తీసేవాళ్లు ఇలాంటివి చేయవచ్చా అంటే, నా మటుకు నాకు ఇక్కడ అభ్యంతరం లేదు, ఎందుకంటే మొత్తం సినిమా మనవరాలు చెప్పిన ఆ మాట దగ్గర మొదలై ఈ అబద్ధం దగ్గర ఆగుతుంది. అయితే రుజువు కాని నేరాన్ని రుజువైనట్టు చూపించారన్నది మర్చిపోకూడదు. ఎర్నెస్ట్ చనిపోయాడు కాబట్టి సరిపోయింది. బతికున్న మనిషైతే లాయర్లు ఈ సీన్‌ని బయటికి రానిచ్చేవాళ్లు కాదు.

అసలు పెద్ద విమర్శ వేరే ఉంది, అది ఓసేజ్ వైపు నుంచే వచ్చింది. సినిమాకి భాషా సలహాదారుగా పనిచేసిన క్రిస్టఫర్ కోట్, ప్రీమియర్ రోజునే నిలబడి, ఇది మాలీ వైపు నుంచి రావాలని తనకి ఉండేదని, అలా రావాలంటే ఓసేజ్ వాడే తీయాలని, ఎర్నెస్ట్‌ది ప్రేమ అనడం తనకి మింగుడుపడలేదని చెప్పాడు. ఆయన అన్నది సబబే. పోలీసు నుంచి మొగుడి దగ్గరికి జరిగిన కెమెరా, అక్కడి నుంచి భార్య దగ్గరికి పూర్తిగా జరగలేదు. రెండో సగంలో మాలీ చాలాసేపు మంచం మీదే ఉంటుంది, చెమటలు పట్టి, కళ్లు మూతలు పడుతూ. లిలీని ఉత్తమ నటి ఆస్కార్‌కి నామినేట్ చేశారు, ఆ విభాగంలో అమెరికా ఆదివాసీ నటి ఆమే మొదటిది. సినిమాకి మొత్తం 10 నామినేషన్లు, ఒక్కటీ రాలేదు.

ఈ మార్పుకి ఇంకో ఖరీదు కూడా ఉంది. అధికారిక లెక్కలో ఓసేజ్ హత్యలు 24. గ్రాన్ పుస్తకం మూడో భాగంలో తేల్చింది ఏమిటంటే, హేల్ ముఠాతో సంబంధం లేని చావులు ఇంకా ఎన్నో ఉన్నాయని, గార్డియన్లు, డాక్టర్లు, శవపేటికలు అమ్మేవాళ్లు, ఊళ్లో పెద్దమనుషులు ఇందులో భాగమని. ఒక మామ, ఒక అల్లుడు, ఒక పెళ్లాం అని కథని బిగించేసరికి ఆ ఊరంతా జూనియర్ ఆర్టిస్టుల్లా వెనక్కి జరిగింది. సినిమా ఇంటికథగా ఎంత బిగువుగా ఉందో, ఊరి నేరంగా అంత పలచబడింది. స్కోర్సేసీకి ఇది తెలియదని నేననుకోను. చివరి పది నిమిషాలు చూస్తే తెలుస్తుంది.

అక్కడ కథ ఆగిపోయి హఠాత్తుగా ఒక రేడియో నాటకం మొదలవుతుంది. వేదిక మీద గొంతులు మార్చి మాట్లాడే నటులు, గుర్రపు డెక్కల చప్పుడు చేసేవాళ్లు, సిగరెట్ కంపెనీ ప్రకటన. ఇది కల్పన కాదు, 1930లలో హూవర్ సంస్థ సహకారంతో లక్కీ స్ట్రైక్ సిగరెట్ల వాళ్లు ఇలాంటి కార్యక్రమం నడిపారు, అందులో ఓసేజ్ కేసు ఒక ఎపిసోడ్. అంటే ఈ చావుల్ని పోలీసు కథగా మార్చి వినోదం చేయడం అప్పుడే అయిపోయింది. తాను వదిలేసిన మొదటి స్క్రిప్టుని స్కోర్సేసీ ఇలా వెక్కిరించుకున్నాడేమో అనిపిస్తుంది. తర్వాత ఆయనే మైకు ముందుకి వచ్చి, 1937లో 50 ఏళ్ల వయసులో పోయిన మాలీ మరణవార్త చదువుతాడు. అందులో హత్యల ప్రస్తావనే లేదని చెప్పి కాగితం దించుతాడు.

ఆ వెంటనే పైనుంచి తీసిన షాట్, ఇప్పటి ఓసేజ్‌లు డప్పు చుట్టూ వలయాలుగా తిరుగుతుంటారు. ఏటా జూన్‌లో ఆడే తమ పవిత్ర నృత్యాన్ని వాళ్లు కెమెరాకి ఇవ్వరు. అందుకని సినిమా కోసం స్కాట్ జార్జ్ కొత్త పాట కట్టాడు. దానికీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

సినిమా షూటింగ్ జరుగుతుండగానే, 2021 మేలో, జాతి వివక్ష చరిత్రని బడిలో ఎలా చెప్పాలన్న దాని మీద ఓక్లహోమా ప్రభుత్వం ఆంక్షలతో ఒక చట్టం తెచ్చింది. ఈ పుస్తకం పిల్లలతో చదివించాలంటే టీచర్లు జంకే పరిస్థితి వచ్చింది. ఇక తలవాటాలు ఇప్పటికీ ఉన్నాయి. మూడు నెలలకోసారి డబ్బు పంపిణీ అవుతుంది. 1925లోనే చట్టం మార్చి బయటివాళ్లకి వారసత్వం రాకుండా చాలావరకు కట్టడి చేసినా, అంతకుముందే దాటిపోయినవి దాటిపోయాయి, ఇప్పటికీ దాదాపు నాలుగో వంతు వాటాలు ఓసేజ్ కానివాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. తెర మీద తెగ సమావేశంలో లేచి మాట్లాడిన ఎవరెట్ వాలర్‌ది షూటింగ్ నాటికి అసలు ఉద్యోగం ఓసేజ్ ఖనిజ మండలి అధ్యక్ష పదవి. ఆయన సంతకం పడే కాగితాలు ఈ వాటాలు పుట్టే చమురు బావులవే.